నీరవుని మొర విన్న ఇలావతి

పూర్వం, కృతయుగం ముగిసి త్రేతాయుగం అడుగుపెడుతున్న సంధికాలంలో, వింధ్యాద్రికి దక్షిణాన మంజులానదీ తీరంలో, సామగాన విద్యకు పుట్టినిల్లు వంటివాడూ, జితేంద్రియుడూ, అయినా ఇల్లాలి మాటకు మాత్రం ఇట్టే కరిగిపోయేవాడూ అయిన సామకేతు మహర్షి ఆశ్రమం కట్టుకొని తపస్సు చేసుకుంటూ ఉండేవాడు. ఆయన గొంతెత్తి సామం పాడితే ఏరు దాటబోయే లేళ్ళు నీళ్ళలో ఒక కాలూ ఒడ్డున ఒక కాలూ ఉంచి, పాట ముగిసేదాకా అలాగే నిలబడిపోయేవని ఆ చుట్టుపట్ల మునులు చెప్పుకునేవారు.

ఆ మహర్షి ధర్మపత్ని ఇలావతీదేవి. సామగాయకుల ఇంట పుట్టి, ఉయ్యాలలోనే సామం వింటూ నిద్రపోయిన సాధ్వి ఆమె. వరుణ్ణి ఎంచుకొనే వేళ తండ్రి ఎందరో మునికుమారులను పిలిపించగా, తలవంచుకొని కూర్చున్న ఆ కన్య ఒక గొంతు వినగానే, తల ఎత్తకుండానే, “ఈయనే, నాన్నగారూ” అన్నదట.

అటువంటి ఇలావతికి పెళ్ళయిన మూడో ఏట విషజ్వరం వచ్చింది. ఇరవయ్యొక్క దినాలు ఒళ్ళెరుగక పడి ఉండి, ఇరవై రెండవ నాటి ఉదయం కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన భర్త కూర్చొని పెదవులు కదుపుతున్నాడు. ఆమె కాసేపు చూసి, “ఏమిటి స్వామీ, పెదవులు కదపడమే గానీ మాట్లాడరేం?” అని అడిగింది. అడిగిన తన ప్రశ్న తనకే వినబడకపోవడంతో సంగతి తెలిసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని గోడవైపు తిరిగి పడుకుంది.

మహర్షి అడవులు గాలించి ఓషధులు తెచ్చాడు. ఏదీ పనిచెయ్యలేదు. వినలేని ఇల్లాలి ఎదుట పాడటం ఆకలిగొన్న మనిషి ఎదుట కూర్చొని విందారగించడం వంటిదని తలచి, ఆ పుణ్యాత్ముడు ఇంట పాడటమే మానేసి, నదీతీరానికి దూరంగా వెళ్ళి పాడుకొని వచ్చేవాడు. ఆమె ఆయన పెదవుల కదలిక చూసి మాటలు తెలుసుకోవడం నేర్చింది గాని, పాట మాత్రం ఆ ఇంట ఏడాదిపాటు లేదు.

ఒక పర్వదినాన ఇలావతి భర్తకు అభ్యంగనం చేయిస్తూ వీపుకు నువ్వులనూనె మర్దిస్తూ ఉంది. ఎండ వెచ్చగా ఉంది. నూనె గోరువెచ్చగా ఉంది. ఆ సుఖంలో మహర్షి తన్ను తాను మరచి, నోరు మూసుకొనే సన్నగా రాగం తీశాడు. వీపుమీది చేతులు ఆగిపోయాయి. ఎంతసేపటికీ కదలకపోవడంతో ఆయన వెనక్కు తిరిగి చూడగా, ఆమె రెండు అరచేతులూ అలాగే ఉంచి, కళ్ళనిండా నీళ్ళతో, “మీరిప్పుడు రథంతర సామం పాడుతున్నారు కదూ?” అన్నది.

“నీకెలా తెలిసింది?”

“చేతుల కింద తుమ్మెద తిరుగుతున్నట్టుంది. ఆ తిరగడం నాకు తెలిసినదే. ఆపకండి స్వామీ, మీకు పుణ్యముంటుంది, ఆపకండి.”

ఆనాటి అభ్యంగనం పొద్దు నెత్తికెక్కేదాకా సాగింది. నూనె ఒంటిమీదనే ఎండిపోయింది.

అది మొదలు ముప్పై సంవత్సరాలు ఆ దంపతులు చేసిన సాధన మరే ఆశ్రమంలోనూ ఎవరూ చేసి ఉండరు. మంద్రస్వరం రొమ్ములో ఎక్కడ మోగుతుందో, మధ్యమం కంఠంలో ఎలా కదులుతుందో, తారం నడినెత్తిన ఎంత సన్నగా చిమ్ముతుందో ఆమె వేళ్ళకొసలతో నేర్చుకున్నది. ఆయన గొంతుమీద రెండు వేళ్ళుంచితే చీకటిలోనైనా మాట తెలిసేది. క్రమంగా నీళ్ళబిందె అంచు, గుడిసె స్తంభం, చివరకు అరికాళ్ళ కింది నేల కూడా ఆమెకు చెవులయ్యాయి. వచ్చే అతిథి గుమ్మం తొక్కకముందే, “ఎవరో ముసలాయన, ఎడమకాలు ఈడుస్తున్నాడు, కాళ్ళకు నీళ్ళు పెట్టండి” అనేది. మహర్షి నవ్వి, “నీకు రెండు చెవులు పోయి వెయ్యి చెవులు వచ్చాయి” అనేవాడు.

ఇలా ఉండగా ఆ దేశానికి ఘోరమైన క్షామం వచ్చిపడింది. మూడేళ్ళు మేఘం మొగం చూపలేదు. మంజులానది ఇసుకబాటగా మారింది. గడ్డి లేక ఆవులు ఎండిన పొదుగులతో దూడలను నాకుతూ కూలిపోయేవి. ఆ దేశాన్ని పాలించే వీతిధ్వజ మహారాజు ధర్మాత్ముడు, శబ్దవేధి. అంటే లక్ష్యాన్ని చూడకుండా, దాని చప్పుడు మాత్రం విని బాణం వెయ్యగల విలుకాడు. ఆ రాజు సామకేతుని ఆశ్రయించి, ఆశ్రమంలోనే యాగశాల వేయించి, వర్షంకోసం యజ్ఞం తలపెట్టాడు. మహర్షి సామం పాడే ఉద్గాత. రాజగురువు దృఢవ్రతుడు యజ్ఞం నడిపించే ఆచార్యుడు.

మొదటి యజ్ఞం పూర్ణాహుతి వేళకు, గాలి లేదు, నీరు లేదు, అగ్ని ఒక్కసారిగా అణగి ఆరిపోయింది. రెండవది అలాగే ఆరిపోయింది. మూడవది ఆరిపోయిన నాడు వేదికి సమీపంలోనే కూర్చొని ఉన్న ఇలావతి భర్త చెయ్యి పట్టుకొని, “స్వామీ, అగ్ని ఆరేముందు ఎవరో బరువైన మనిషి నడిచాడు. రోకటిపోటులాంటి అడుగు. తల ఎత్తి చూస్తే ఎవరూ లేరు” అన్నది. రాజభటులు మూలమూలా వెతికారు. ఎవరూ దొరకలేదు.

నాలుగవ యజ్ఞానికి సంకల్పం చెప్పుకుంటూ వీతిధ్వజుడు, “ఈసారి అగ్ని నిలవకపోతే, ప్రజలను కాపాడలేని నా దేహాన్నే మరో అగ్నికి సమర్పిస్తాను” అని ప్రతిజ్ఞ చేశాడు. సభ గొల్లుమన్నది. అప్పుడు దృఢవ్రతుడు మహర్షి చెవి దగ్గరికి వంగి, ఇలావతికి తన పెదవులు కనబడకుండా ముఖం తిప్పుకొని, మెల్లగా మాట్లాడాడు. ఆయన దుష్టుడు కాడు. రాజు ప్రాణం పోతుందేమోనన్న భయంతో ఆ మాట అన్నాడు.

ఏమన్నాడో ఆమెకు తెలియలేదు. కానీ భర్త ముంజేతి మీద ఉన్న ఆమె వేళ్ళకు నాడి గుర్రపు పరుగులా కొట్టుకోవడం తెలిసింది. ముప్పై ఏళ్ళలో ఆయనకు అంత కోపం ఎన్నడూ రాలేదు.

“నా గురించేనా?” అని అడిగింది.

మహర్షి దాచలేకపోయాడు. “మంత్రం వినలేని ఇల్లాలు వేది దగ్గర ఉండటంవల్లే ఫలం దక్కడం లేదని ఆచార్యుల సందేహం. నేను చెప్పేశాను ఇలావతీ, నీవు లేని యాగశాలలో నా గొంతు లేవదు. వేరొక ఉద్గాతను చూసుకోమన్నాను.”

ఆ సాధ్వి మందలింపుగా, “బాగుంది! బయట ఆవులు చచ్చిపోతుంటే మీరు అలక పాన్పు ఎక్కుతారా? అలగడానికి వానలు కురిశాక బోలెడు తీరిక ఉంటుంది. నేను తూర్పుద్వారం బయట స్తంభానికి ఆనుకొని కూర్చుంటాను. ఆ స్తంభం లోపలికీ బయటికీ ఒక్కటే. మీ పాట నాకు అందకుండా పోతుందా?” అని ఆయన ఉత్తరీయం సరిచేసి లోపలికి పంపింది.

యజ్ఞం అయిదవరోజు మధ్యాహ్నానికి పూర్ణాహుతి వేళ సమీపించింది. ఇలావతి ద్వారస్తంభానికి వీపు ఆనించి, చెప్పులు లేని పాదాలు నేలకు ఆనించి కూర్చున్నది. స్తంభంలోంచి భర్త పాట ఆమె వెన్నులోకి వస్తూ ఉంది. దానికింద వేదపండితుల గొంతులు, సన్నవానలా. వాటికింద భేరీ మోత, కడుపులో ఎవరో మెత్తగా తట్టినట్టు. ఇన్నిటి నడుమ, అదిగో, రోకటిపోటు. ఒక అడుగు. ఆగి, ఇంకొక అడుగు. ఆమె కళ్ళు తెరిచి చూసింది. ఎదుట దారి ఖాళీగా ఉంది. ఆ అడుగు ఆమె పక్కనుంచే సాగి, గడప దాటి, లోపలికి పోయింది.

ఇలావతి లేచి, తనను వారించబోయిన భటుల చేతులు తోసుకొని, యాగశాలలోకి నడిచి, భర్తకు ఎదురుగా నిలిచి, కుడిచెయ్యి పైకెత్తింది.

సామం మధ్యలో ఆపితే యజ్ఞభంగం; ఆపిన గాయకునికి మహాపాతకం. ఆ సంగతి ఆ యాగశాలలో సామకేతు కంటే ఎరిగినవారు లేరు. అయినా ఆ మహర్షి భార్య ముఖంలోకి ఒక్కసారి చూసి, నోటిలోని స్వరాన్ని నోటిలోనే ఆపేశాడు.

“మహర్షీ! ఎంత పని చేశారు!” అని దృఢవ్రతుడు కేక వేశాడు.

“అందరూ ఉన్నచోటే కదలక నిలబడండి. భేరి ఆపండి” అన్నది ఇలావతి. “నాయనా వీతిధ్వజా, విల్లు తీసుకో. వాడు ఈ శాలలోనే ఉన్నాడు.”

రాజు విల్లు అందుకొని, చెవి రిక్కించి, “అమ్మా, ఎండుటాకు కదిలినా బాణం వెయ్యగలవాణ్ణి. నాకేమీ వినబడటం లేదే!” అన్నాడు.

“నీకు వినబడడు. నా కాళ్ళకు తెలుస్తున్నాడు. ఈశాన్యంగా... అగ్నివైపు... ఒక అడుగు... అదిగో, ఆగాడు.”

తన జాడ తెలిసిపోయిందని గ్రహించి ఆ వచ్చినవాడు శిలలా నిలిచిపోయాడు. అడుగు లేకపోతే అదురు లేదు. నేల మూగబోయింది. హోమకుండంలో అగ్ని అప్పుడే తలవంచడం మొదలుపెట్టింది. రాజు ముఖం తెల్లబడింది. అప్పుడామెకు మద్దెల సంగతి స్ఫురించింది. మోగుతున్న మద్దెల మీద ఎక్కడ చెయ్యి వేస్తే అక్కడ నాదం చచ్చిపోతుంది కదా!

“స్వామీ, మంద్రషడ్జం అందుకోండి. ఎంత కిందికి పోగలిగితే అంత. పాదాలు నేలను పట్టి పాడండి” అన్నది.

మహర్షి గుండెలనిండా ఊపిరి పీల్చి, నాభినుంచి స్వరం ఎత్తాడు. అది విన్నవారికి పాటలా లేదు, భూమి తనలో తాను ఏదో గొణుగుకుంటున్నట్టు ఉంది. నెయ్యిపాత్రలలో నెయ్యి సన్నని వలయాలు కట్టింది. కూర్చున్నవారి దవడలు, పక్కటెముకలు జివ్వున లాగాయి. ఇలావతి ఆ మోగే నేలమీద ఒక్కొక్క అడుగే వేస్తూ నడిచింది. ఇక్కడ నాదముంది. ఇక్కడా ఉంది. ఇక్కడ కొంచెం తగ్గింది. హోమకుండానికి మూడడుగుల దూరంలో నాదం పూర్తిగా చచ్చిపోయి, నేల మట్టిముద్దలా ఉంది. ఆమె అక్కడ ఆగి, చెయ్యి చాచింది. చెయ్యి గాలిలో దేనికో ఆని నిలిచిపోయింది.

“తల్లీ, తప్పుకో! బాణం వదులుతున్నాను” అన్నాడు రాజు.

ఇలావతికి అది వినబడలేదు. ఆమె చెయ్యి ఒక విశాలమైన వక్షంమీద ఉంది. ఆ వక్షంలో గుండె, ఉచ్చులో పడిన పిట్టలా కొట్టుకుంటూ ఉంది. ఆమె రెండవ చెయ్యి పైకి జరిపి గొంతుమీద ఉంచింది. ఆ గొంతు కదులుతున్నది. భీకరంగా, ఆగకుండా, ఏదో అంటున్నది. ముప్పై ఏళ్ళ సాధన గల ఆ వేళ్ళు ఆ మాటలను కూడబలుక్కున్నాయి. ఆమె ముఖం మారిపోయింది. చటుక్కున వెనుదిరిగి, వెన్ను ఆ అదృశ్యునికి ఆనించి, రాజుకు ఎదురుగా రెండు చేతులూ చాచింది.

“బాణం దించు నాయనా! వీడు అరుస్తున్నది యుద్ధానికి కాదు. ‘ఎవరైనా ఉన్నారా, నా మాట వినబడుతున్నదా’ అంటున్నాడు. అదే మాట, మళ్ళీ మళ్ళీ అదే.”

రాజు విల్లు దించాడు. ఇలావతి మళ్ళీ అటు తిరిగి, ఆ గొంతుమీద చెయ్యి వేసి, “వినబడుతున్నది నాయనా. నెమ్మదిగా చెప్పు. ఎవరు నీవు?” అని అడిగింది.

అప్పుడా గొంతు ముందు వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తరువాత చెప్పినదంతా ఆమె సభకు వినిపించింది. వాడు నీరవుడనే దానవుడు. వెయ్యేళ్ళనాడు బ్రహ్మదేవుని గూర్చి ఘోరతపస్సు చేసి, ‘ఈ భూమిమీద ఎవరి కంటికీ నేను కనబడరాదు, ఎవరి చెవికీ నా చప్పుడు వినబడరాదు’ అని వరం కోరాడు. ‘చర్మం మాట?’ అని విధాత అడిగితే, ‘నన్ను తాకేంత దగ్గరికి వచ్చే మొనగాడెవడు!’ అని నవ్వాడు. విజయగర్వంతో ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి అమ్మా అని పిలిస్తే, కన్నతల్లి తన పక్కనుంచే నడిచిపోయి దీపం పెట్టుకుంది. ఏళ్ళతరబడి ఆమె కొడుకు వస్తాడని వీధివైపు చూస్తూనే కన్నుమూసింది. వాడు పక్కనే ఉన్నాడు.

“ఆమె చెయ్యి పట్టుకోలేదా నీవు?” అని ఇలావతి అడిగింది.

“పట్టుకున్నాను. ఏదో భూతం తాకిందని కెవ్వున అరిచి మూర్ఛపోయింది. ఆ తరువాత ఇక నేను ఎవరినీ తాకలేదు” అన్నాడు నీరవుడు. “అమ్మా, వందలమంది గొంతు కలిపి పాడుతూ, ఒకరి మాట ఒకరు వింటూ ఉండే చోటు చూస్తే నాకు ఓర్వలేనితనం పుట్టేది. అగ్నిని ఆర్పితే, ఎవరో వచ్చారని అయినా తెలుస్తుందని ఆర్పాను. నన్ను చంపించు. కానీ ఇంకాసేపు ఆ చెయ్యి తియ్యకు.”

ఆ మాట ఇలావతి తన నోటితో సభకు చెప్పింది. దృఢవ్రతుడు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు.

అంతలో అణగిన అగ్ని ఒక్కసారి నిటారుగా లేచి, దాని నడుమ నుంచి ధవళవస్త్రధారిణి, వీణాపాణి, నాదస్వరూపిణి అయిన వాగ్దేవి సాక్షాత్కరించింది. సభ అంతా సాష్టాంగపడింది. దేవి పెదవులు కదపలేదు. ఆమె పలుకు ఇలావతితో సహా అందరి ఎముకలలోనూ మోగింది.

“బిడ్డా, చెవులున్నవారు వెయ్యేళ్ళు వినలేని మొరను నీవు విన్నావు. వరం కోరుకో.”

సామకేతు భార్య వైపు చూసి రెండు చెవులూ పట్టుకొని సైగ చేశాడు. చెవులు అడుగు, చెవులు అడుగు అని. ఆమె చూసింది. ఆమెకు మాత్రం ఆ కోరిక లేదా? ముప్పై ఏళ్ళుగా లేనిరోజు లేదు. అయినా నీరవుని గొంతుమీది చెయ్యి తియ్యకుండానే, “అమ్మా, వీడి పలుకు లోకం వినేలా అనుగ్రహించు. చెవి లేనివారికి కూడా అది అందాలి” అని వేడుకున్నది.

“విధాత ఇచ్చిన వరం తిరగదు. అయితే వీడు భూమిమీద అని కోరాడు గాని ఆకాశం మాట ఎత్తలేదు” అని దేవి చిరునవ్వు నవ్వింది. “నీరవా, నేటినుంచి నీ నివాసం మేఘం. వానకు ముందు నీవే పలుకుతావు. నీ రూపం మెరుపై లోకానికి కనబడుతుంది. నీ పలుకు చెవులున్నవారి చెవులలో, లేనివారి రొమ్ములలో, పసిబిడ్డల అరికాళ్ళలో, గోడలలో, కొండలలో మోగుతుంది. నీవు పిలిస్తే తలఎత్తని ప్రాణి ఉండదు.”

ఇలావతి చేతికింది వక్షం తేలికై, ఆవిరై, పైకి లేచిపోయింది.

వాగ్దేవి ఈసారి మహర్షి వైపు తిరిగి, “ఉద్గాతా, భార్య సైగ మీద పాతకానికి కూడా వెరవకుండా పాట ఆపావు. ఆ పాతకం నిన్నంటదు. నీకేం కావాలి?” అని అడిగింది.

ఆ జితేంద్రియుడు సిగ్గుపడుతూనే, “తల్లీ, నా కోరిక స్వార్థమే. ఈమెకు నా పాట వినిపించాలి. చెవులివ్వు” అన్నాడు.

“ఇస్తాను. కానీ చెవి వచ్చిన ఇంటి నుంచి చేతి వినికిడి మెల్లమెల్లగా వెళ్ళిపోతుంది. అది లోకస్వభావం.”

మహర్షి భార్యవైపు చూశాడు. ఇలావతి ఆలోచించి, “ఒక్క సామం చాలమ్మా. ఒక్కటి వినిపించి మళ్ళీ తీసుకో” అన్నది. దేవి తలపంకించింది.

సామకేతు ఆమె ఎదుట కూర్చొని, తొలినాడు కన్యగా ఉన్న ఆమె తల ఎత్తకుండా విన్న ఆ సామాన్నే అందుకున్నాడు. ఇలావతి విన్నది. రెండు పాదాలు పాడేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే పెదవులు బిగపట్టుకున్నది. మూడవ పాదానికి ఆగలేక నవ్వేసింది.

“అయ్యో స్వామీ! మీ గొంతు ఇంత బొంగురు పోయిందా! ఈ ముప్పై ఏళ్ళూ నా చేతులు ఆ సంగతి నాకు చెప్పనే లేదు!”

మహర్షి పాట ఆపకుండానే నవ్వాడు. నవ్వుతో కలిసిన ఆ పాట ఇంకా బొంగురుగా వచ్చింది. కొస స్వరం దాకా ఆమె ఒక్క అక్షరం జారనివ్వకుండా విన్నది. అది ముగియగానే లోకం యథాప్రకారం సద్దుమణిగింది.

దృఢవ్రతుడు స్వయంగా వచ్చి, ఆమె తన పెదవులు చదవగలిగేలా ఎదురుగా నిలబడి, “అమ్మా, నా బుద్ధి పొరపడింది. వేదికి కుడివైపున వచ్చి కూర్చోండి” అని చేతులు జోడించాడు. ఆమె కూర్చున్నది. అగ్ని నిలిచింది. వీతిధ్వజుడు పూర్ణాహుతి వేస్తుండగా దక్షిణాన నల్లని మబ్బు లేచి, మెరిసి, నీరవుడు మొట్టమొదటిసారి నోరారా పలికాడు. యాగశాల కప్పు అదిరింది. రాజు, పండితులు, భటులు, ద్వారం బయట గుమిగూడిన ప్రజలు, అందరూ ఒక్కసారే తలలెత్తి ఆకాశంలోకి చూశారు. ఆ వెంటనే వాన దిగింది. మంజులానది మూడో నాటికి ఒడ్డులొరసి పారింది. ఆవులు పాలు చేపాయి. వీతిధ్వజుడు చాలాకాలం ధర్మంతో రాజ్యమేలాడు. ఇలావతీ సామకేతులు ఆ నదీతీరంలోనే పండుముసలితనం దాకా కలిసి బ్రతికి, ఉత్తమలోకాలు పొందారు.

ఈ కథను చెవితో విన్నవారికెంత పుణ్యమో, పెదవుల కదలికలో చూసి తెలుసుకున్నవారికీ, అరచేతిలో వ్రాయించుకొని చదివినవారికీ అంతే పుణ్యమని మంజులాతీర మునుల మాట. తొలకరినాటి మొదటి ఉరుముకు భయపడి పిల్లలు వచ్చి ఒడిలో దాగితే, వారి వీపుమీద చెయ్యివేసి, “విన్నాంలే నాయనా, విన్నాం” అని ఆకాశం వంక చూసి ఒక్క మాట బదులు పలికే తల్లుల ఇంట పాడిపంటలకు లోటుండదు.